చెవి వెనక చుక్క: పదకొండో భాగం

పోయిన వారం స్రవంతిని కౌంటర్ వెనక నిలబెట్టి మాట మధ్యలో ఆపేశాను. అందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు ఉంటే ఆ తిట్లన్నీ నాకు రావలసినవే. ఎక్కడ ఆపానో గుర్తుచేసి ముందుకు వెళతాను.

హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ పక్క మాల్‌లో, కింది అంతస్తులో మా ‘నిగార’ షాపు. క్రీములు, లిప్‌స్టిక్‌లు, మొహానికి రాసుకునేవి సమస్తం అమ్ముతాం. నేను, అంటే ఈ పుణ్యవతి, అక్కడ ఫ్లోర్ ఇన్‌చార్జిని. పన్నెండేళ్ళ సర్వీసు. స్రవంతి బోరబండ పిల్ల, చేరి ఏడాదిన్నర. వాళ్ళమ్మ అంజమ్మ ఇక్కడే ఒక ఐటీ టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. పది రోజుల క్రితం నీహారిక అనే టీమ్ లీడర్ వచ్చి, మా కంపెనీ కొత్తగా తెస్తున్న ‘వెన్నెల’ క్రీము శాంపిల్ డబ్బా కావాలంది. ఆదివారం వాళ్ళ తమ్ముడి పెళ్ళట, ఆలోపు మొహం తెల్లబడాలట. “డబ్బా మీద ఇందుల ఏమున్నదో రాసి లేదు మేడం, నేనియ్య” అని స్రవంతి మొహం మీదే చెప్పేసింది. నీహారిక హెడ్డాఫీసుకు మెయిల్ కొట్టింది. ఆ మెయిల్ పట్టుకుని మా రీజనల్ మేనేజర్ కృష్ణప్రియ మేడం సోమవారం పొద్దున పదకొండు గంటలకు షాపులోకి నడిచొచ్చి, స్రవంతి ఎదురుగా నిలబడి, “ఆ ఏప్రాన్ నీ ఒంటి మీద ఉండాలో వద్దో ఇప్పుడే డిసైడ్ చేస్తాను” అంది. అక్కడ ఆపాను.

ఆవిడ తేల్చేముందు, స్రవంతి పని చేసే తీరు కాస్త చెప్పాలి.

మొదట్లో నాకు ఆ పిల్లంటే ఒళ్ళు మండేది. దాచుకోవడం ఎందుకు? మిగతా అమ్మాయిలు ఒక కస్టమర్‌ని కూర్చోబెట్టి, రాసి, అద్దం చూపించి, సంచి చేతికిచ్చి పది నిమిషాల్లో పంపేస్తారు. నేను నేర్పిన పద్ధతి అది. స్రవంతికి ఆ అద్దం మీదే నమ్మకం లేదు. మా షాపులో లైట్లు పెట్టినవాడు మహానుభావుడు. వాటి కింద కూర్చుంటే జ్వరపడి లేచినవాళ్ళు కూడా పెళ్ళికూతుళ్ళే. ఆ వెలుగును నమ్మి ఫౌండేషన్ కొనుక్కున్నవాళ్ళు మెట్రో మెట్లెక్కేసరికి మొహం ఒకరిది, మెడ ఇంకొకరిది అయిపోతాయి.

అందుకని స్రవంతి వాళ్ళను బయటికి తీసుకుపోతుంది. గుమ్మం దాటగానే, మెట్రో స్తంభానికి ఇవతల, ఒక చోటుంది. ఎండ నేరుగా తగలదు, వెలుతురు మాత్రం నిండుగా ఉంటుంది. తలుపు దగ్గరి సెక్యూరిటీ వీరేశం అక్కడ ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి ఉంచుతాడు. దాని మీద కూర్చోబెట్టి, దవడ మీద పక్కపక్కనే మూడు షేడ్లు మూడు గీతలుగా గీసి, పావుగంట కదలొద్దంటుంది. “ఏ గీత కనబడకుండ పోతదో గదే నీది” అంటుంది. ఒక రంగు మనదో కాదో అంత తేలిగ్గా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. పన్నెండేళ్ళుగా నేను కనబడేవే అమ్ముకుంటూ వచ్చాను.

క్రీముల సంగతి ఇంకా విచిత్రం. కొత్తది ఏదడిగినా చెవి వెనక చుక్కంత రాసి, “రేపు, ఎల్లుండి చూస్కో. దురద, మంట ఏం రాకుంటె అప్పుడు రా” అని ఉత్త చేతులతో పంపేస్తుంది. కొనడానికి వచ్చినవాళ్ళను కొననివ్వని సేల్స్‌గర్ల్! వీళ్ళు మళ్ళీ ఈ గుమ్మం తొక్కినట్టే అని నవ్వుకున్నాను. తొక్కారు. మెడలో ఐడీ కార్డులు ఊపుకుంటూ, లంచ్ టైములో, చెవి మీది జుట్టు పక్కకు తీసి చూపించుకుంటూ వచ్చారు. “ఏం కాలేదు స్రవంతీ, ఇప్పుడివ్వు” అని. పక్కన స్నేహితురాళ్ళను కూడా వెంటేసుకొచ్చారు.

మొన్నామధ్య మదీనాగూడ నుంచి స్కూటీ మీద ఆఫీసుకు వచ్చే ఒక టెస్టింగ్ ఇంజనీరమ్మాయి, వీడియోలు చూసి కొనుక్కున్న ఐదు సీరమ్ సీసాలు తెచ్చి కౌంటర్ మీద పేర్చింది. మొహమంతా పొట్టు లేచిపోయి ఉంది. స్రవంతి ఆ సీసాలన్నీ తిరిగి ఆ అమ్మాయి సంచిలోనే సర్దింది. “నీ మొఖానికి నెల దినాలు సెలవియ్యి. మెత్తటి ఫేస్‌వాష్, ఒక మాయిశ్చరైజర్, స్కూటీ ఎక్కేముందు సన్‌స్క్రీన్. ఇగ ఏం వద్దు” అంది.

“నాది ఆయిలీ స్కిన్ కదా, మళ్ళీ మాయిశ్చరైజర్ ఎందుకు?” అని ఆ అమ్మాయి అనుమానం.

“పొద్దంత ఏసీల కూసుంటవ్. పైన ఇవన్ని రుద్దుతున్నవ్. ఎండిపోయి, ఏం చెయ్యాల్నో తెల్వక నూనె ఎక్కువ పోస్తున్నది పాపం” అంది స్రవంతి.

చర్మాన్ని పట్టుకుని ‘పాపం’ అన్న మనిషిని నేను అప్పుడే విన్నాను. ఆ రోజుతో నా కోపం పోయింది. ఆ స్థానంలో వచ్చినదాన్ని అసూయ అనే అనాలి, కానీ అందులో ముప్పాతిక వంతు మెచ్చుకోలే.

ఇంత మెచ్చుకునేదాన్ని ఆ స్టూలు మీద ఒక్కసారైనా కూర్చున్నానా అంటే, లేదు. పన్నెండేళ్ళ సర్వీసున్నదాన్ని ఏడాదిన్నర పిల్ల ముందు మొహం చాపుకుని కూర్చోవడమేమిటి! పైగా ఈ మధ్య నాకు ఆ అవసరమూ రాలేదు. మూడు వారాలుగా మా మియాపూర్ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరెదురైనా “ఏమిటండీ పుణ్యవతి గారూ, మెరిసిపోతున్నారు” అంటున్నారు. పొయ్యి దగ్గర నిలబడితే మాత్రం చెంపలు సుర్రుమంటున్నాయి. నలభై ఆరేళ్ళు వచ్చాయి, ఆ వయసులో వచ్చే ఆవిర్లేలే అని సరిపెట్టుకున్నాను. సరే, నా గొడవెందుకు, అక్కడ స్రవంతి నిలబడి ఉంది.

కృష్ణప్రియ మేడం కూడా సామాన్యురాలు కాదు. హఫీజ్‌పేట్ పాత ఊరి మనిషి. ఇదే కంపెనీలో కౌంటర్ మీద మొదలై, నలభై షాపులకు అధికారి అయింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వచ్చినా ఆవిడ మొహాన ఒక్క గీత పక్కకు జరిగి ఉండగా నేను చూడలేదు. ఆ రోజు కూడా అంతే. చేతిలో చల్లటి నీళ్ళ సీసా, మాటలో అంతకన్నా చల్లదనం.

ఆవిడ కస్టమర్ల కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నేనే కస్టమర్‌ని. టెన్ మినిట్స్ ఇస్తున్నా. బయటికి తీసుకెళ్ళడాలు, చెవి వెనక చుక్కలు ఏమీ వద్దు. ఇక్కడే, ఈ లైట్స్ కిందే, నాకు వెన్నెల సెల్ చేయి. ఫ్రైడే లాంచ్. ఆ రోజు అందరూ ఎలా సెల్ చేయాలో నువ్వు నాకు చేసి చూపించు. చేస్తే జాబ్ నీది. లేదంటే ఏప్రాన్ పుణ్యవతి గారికి ఇచ్చేసి వెళ్ళిపో.”

షాపులో ఉన్న ఇద్దరు అమ్మాయిలూ చేతిలో పని ఆపేశారు. ఆ ఏప్రాన్ స్రవంతి మొదటిసారి కట్టుకున్న రోజు నాకు గుర్తు. అంజమ్మ డ్యూటీ మధ్యలో వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా, షాపు అద్దం బయట నిలబడి కూతుర్ని కళ్ళారా చూసుకుని వెళ్ళింది. ముక్కు మీదికి చున్నీ కట్టుకుని ఉండటంతో ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

స్రవంతి తొందరపడలేదు. ఎప్పటిలాగే వెళ్ళి చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. కుర్చీ ముందు కాస్త వంగింది. ముట్టుకోలేదు.

“మేడం, పొద్దున మొఖం దేంతోని కడిగిన్రు?”

“ఫేస్‌వాష్. మన బ్రాండే.”

“కడిగినంక గుంజినట్టయితదా?”

“కొంచెం.”

“రాత్రి ఏం పెడుతరు?”

కృష్ణప్రియ మేడం నీళ్ళ సీసా ఎత్తి చెంపకు ఆనించుకుంది. అప్పుడు గమనించాను, వచ్చినప్పటి నుంచీ ఆవిడ ఆ సీసాలో నీళ్ళు ఒక్క గుక్క తాగలేదు. ఒకసారి ఈ చెంపకు, ఒకసారి ఆ చెంపకు మారుస్తోంది. షాపులో ఏసీకి మేమంతా వణుకుతున్నాం.

“అది నీకు అనవసరం. వెన్నెల ఎందుకు కొనాలో చెప్పు. ఫైవ్ మినిట్స్ అయిపోయాయి” అంది.

స్రవంతి చూపు ఆ సీసా మీద ఆగింది. అక్కడి నుంచి మెల్లగా చెవి పక్కకు, మేకప్ పూత అయిపోయే అంచు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఏం కనబడిందో నాకు తెలియదు. ఆ పిల్ల మొహంలో మాత్రం అంతవరకు ఉన్న బెరుకు పోయి ఏదో దిగులు వచ్చింది. నిటారుగా నిలబడింది.

“నేను మీకు ఇయ్యాల ఏం అమ్మ మేడం.”

“వాట్?”

“వెన్నెల గాదు, ఏదీ అమ్మ. మీ మొఖానికి ఇప్పుడు ఏదీ పెట్టొద్దు.”

కృష్ణప్రియ మేడం మొహం బిగుసుకుంది. “ఏప్రాన్” అంది, ఒక్కటే మాట.

నేను అడ్డు వెళ్ళాను, వెళ్ళానని చెప్పుకోవడానికి మాత్రమే. “చిన్నపిల్లండీ, మాట తెలియక...” అని మొదలుపెట్టాను. “మీరు మధ్యలో రాకండి పుణ్యవతి గారూ” అంది ఆవిడ. నేను ఆగిపోయాను. ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది. మాట తెలిసిన మనిషి ఆ గదిలో ఎవరైనా ఉంటే స్రవంతి ఒక్కతే, ఆ సంగతి నాకూ తెలుసు.

స్రవంతి ముందు టెస్టర్ సీసాలకు ఒక్కొక్కటిగా మూతలు పెట్టింది. వెనక్కి చెయ్యి పెట్టి ఏప్రాన్ ముడి విప్పింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతుల్లో ఉంచింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మా ఇద్దరికి తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగింది.

“నౌకరి పోయింది. ఇగ మీరు నాకు మేడం గాదు, అక్క లెక్క. గందుకే అడుగుతున్న. పొయ్యి కాడ నిలవడితె మొఖం మండుతదా అక్కా?”

చెంప మీది సీసా కదలకుండా ఆగిపోయింది.

“రెండు దినాలు ఆ రాత్రి క్రీము మానేస్తె ఎర్రగయి మండుతదా? మళ్ళ పెడితె సల్లబడుతదా?”

“నీకెవరు చెప్పారు?” కృష్ణప్రియ మేడం గొంతు మారిపోయింది.

“మా అమ్మ మొఖం జెప్పింది” అంది స్రవంతి. “మా అమ్మోళ్ళ టవర్‌ల ఆరో అంతస్తుల నలుగురు కలిసి పని చేస్తుండిరి. అందుల ఒకామె మెడికల్ షాపు నుంచి ట్యూబు తెచ్చింది. తామరకు పెట్టేది. గది మొఖానికి పెడితె పది దినాలల్ల తెల్లగయితరని ఎవరో చెప్పిన్రంట. నిజంగనే అయిన్రు. లిఫ్టుల సార్లు, మేడంలు గూడ మెచ్చుకున్నరు. మా అమ్మ మస్తు మురిసిపోయింది. ఏడాదైనంక చూస్తె తోలు పలచగయి, ఎర్రటి దారాలు కనబడ్డయ్, చెంపల మీద వెంట్రుకలు మొలిసినయ్. మానేద్దామంటె మంట. మంట అని మళ్ళ అదే పెట్టుడు. సల్ల నీళ్ళ సీసా చెంపకు పెట్టుకోని కూసుంటుండె, అచ్చం నీ లెక్కనే. నేనప్పుడు పదో తరగతి. దవాఖానకు నేనే తోల్కపోయిన. డాక్టరమ్మ చెప్పింది, గా ట్యూబుల స్టెరాయిడ్ ఉన్నది, మొఖానికి పెట్టేది గాదు అని. గప్పటిసంది ఏ డబ్బా చేతికొచ్చినా ముందు వెనక తిప్పి చదువుత.”

అంతే చెప్పి లేచి, వీరేశం తెరిచి పట్టుకున్న తలుపులోంచి బయటికి నడిచింది. నేను ఏప్రాన్ పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. అంజమ్మ చున్నీ ఎప్పుడూ ఎందుకు కట్టుకునే ఉంటుందో నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది. దుమ్ముకని అనుకున్నాను. అడగాలని కూడా తోచలేదు.

కృష్ణప్రియ మేడం ఎదురుగా ఉన్న అద్దం వైపు చూసింది. ఆ మహానుభావుడి లైట్ల కింద ఆవిడ మొహం ఎప్పటిలాగే వెలిగిపోతోంది. ఆవిడ ఉన్నట్టుండి లేచి, హ్యాండ్‌బ్యాగు కుర్చీలోనే వదిలేసి, తలుపు వైపు గబగబా వెళ్ళింది. నేను బ్యాగు అందుకుని వెంటపడ్డాను. అమ్మాయిలను లోపలే ఉండమని కళ్ళతోనే చెప్పాను.

బయట మామూలుగానే ఉంది. పైన మెట్రో వెళుతోంది, రోడ్డు మీద క్యాబులు హారన్లు కొడుతున్నాయి. స్రవంతి స్తంభం దాటి నాలుగడుగులు వేసింది. “ఆగు” అని పిలిచింది కృష్ణప్రియ మేడం. పిలిచి, ఎవరూ చెప్పకుండానే ఆ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. ఎవరూ బయటికి తీసుకెళ్ళకూడదన్న మనిషి తనంతట తనే వచ్చి కూర్చుంది.

స్రవంతి వెనక్కి వచ్చి ముందు చేసిన పని చూసి నాకు కళ్ళు చెమర్చాయి. దారిన పోయేవాళ్ళకు ఆవిడ మొహం కనబడకుండా ఫుట్‌పాత్ వైపు తను అడ్డంగా నిలబడింది. “పుణ్యక్కా, నువ్వు గా దిక్కు నిలవడు” అని నన్ను షాపు వైపు నిలబెట్టింది. ఐదు నిమిషాల క్రితం తన ఉద్యోగం పీకేసిన మనిషికి ఆ పిల్ల పరదా అయింది. ఇంతకన్నా పొగడటం నాకు చేతకాదు.

“బ్యాగుల మేకప్ తుడిచే నీళ్ళున్నయా అక్కా? నువ్వే తుడుచుకో. రుద్దకు, జర అద్దుకో.”

కృష్ణప్రియ మేడం దూదితో అద్దుకుంటుంటే పూత కొంచెం కొంచెంగా వచ్చేసింది. నేను అబ్బా అనకుండా పెదవి కొరుక్కున్నాను. చెంపల మీద చర్మం ఉల్లిపొరంత పలచగా ఉంది. కింద ఎర్రటి సన్నని నరాలు అల్లుకుని ఉన్నాయి. దవడ పొడవునా నూగు. పన్నెండేళ్ళలో నేను ఆవిడను చూడటమే ఇదే మొదటిసారి అనిపించింది.

“చెప్పు. ఎంత ఘోరంగ ఉన్న?” అంది ఆవిడ. ఇంగ్లీషు ఎటు పోయిందో, హఫీజ్‌పేట్ మాట బయటికొచ్చింది.

స్రవంతి వంగి, ఆవిడ చెవి మీది జుట్టు మెల్లగా పక్కకు తీసింది. ఆవిడ ఫోను అడిగి తీసుకుని చెవి వెనక ఫోటో తీసి, తిప్పి ఆవిడకే చూపించింది.

“గిది చూడు. గీడ నువ్వు ఎన్నడు ఏం పెట్టలే. గిదే నీ అసలు రంగు. ఎంత మంచిగున్నదో చూడక్కా. ఒక్క మచ్చ లేదు.”

నేనూ తొంగి చూశాను. నిజంగానే. చెవి వెనక, ఎండా క్రీమూ ఏదీ తగలని ఆ కాస్త చోట చర్మం చామనఛాయలో నున్నగా, నిండుగా ఉంది. కొత్త బెల్లం రంగు. ఆ రంగు ఆవిడ మొహం నిండా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకుని, ఇన్నేళ్ళు దాన్ని కప్పెట్టుకున్నందుకు నాకు ప్రాణం ఉసూరుమంది.

కృష్ణప్రియ మేడం ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది. “మా అమ్మది గిదే రంగు” అంది చివరికి. కళ్ళ నీళ్ళు చెంప మీదికి జారితే మండినట్టుంది, చటుక్కున అద్దుకుంది. “కౌంటర్ మీద నా మొదటి రోజు, ట్రైనింగ్ ఇచ్చేటామె అందరి ముంగట అన్నది, ఈ రంగుతోని నువ్వెవరికి క్రీములు అమ్ముతవ్ అని. ఆ దినం సంది పెడుతనే ఉన్న. ఒకటి గాకుంటె ఇంకొకటి. ఏది పెట్టినా ఇంత తెల్లగ కాలే. ఎనిమిది నెలల కింద ఇది దొరికింది. వారంల మొఖం మారిపోయింది.”

బ్యాగు ఇమ్మని నా వైపు చెయ్యి చాపింది. అందులోంచి తెల్లటి మూత ఉన్న చిన్న డబ్బా తీసి స్రవంతి అరచేతిలో పెట్టింది. చూడగానే గుర్తుపట్టాను. పేరు తప్ప ఇంకో అక్షరం లేని డబ్బా. వెన్నెల.

“తయారుచేసేటోళ్ళు ముందు నాకు ట్రయల్ ఇచ్చిన్రు” అంది కృష్ణప్రియ మేడం. “నేను వేరేటోళ్ళ మీద చూడలే, నా మొఖం మీదనే చూసుకున్న. మీటింగ్‌ల గొప్పగ చెప్పిన గూడ, నేను వాడి ఓకే చేసిన అని. నాకు పడ్డది గద, అందరికి పడుతదనుకున్న.”

స్రవంతి డబ్బాను పైనా కిందా తిప్పి చూసింది. మూత తీసి వాసన చూసి మళ్ళీ బిగించింది.

“నీకు గూడ పడలే గదక్కా” అంది.

ఆ మాటకు కృష్ణప్రియ మేడం తల వంచేసుకుంది. కోపంగా అన్న మాట కాదు అది. మదీనాగూడ అమ్మాయి చర్మాన్ని ‘పాపం’ అన్నప్పుడు ఏ గొంతుతో అందో, అదే గొంతు.

“ఇందుల ఏమున్నదో నాకు తెల్వది. చూసి చెప్పెటందుకు నేను డాక్టర్ను గాదు” అంది స్రవంతి. “గని మా అమ్మ మొఖం ఒక్క తీర్గ, నీ మొఖం ఒక్క తీర్గ గిట్లెట్లయితది? ఇయ్యాలనే చర్మం డాక్టర్ దగ్గరికి పో. డబ్బా గూడ తీస్కపో. నీ అంతల నువ్వు ఒక్కసారే మానెయ్యకు, ఎట్ల తగ్గించాల్నో వాళ్ళు చెప్తరు. ఆర్నెల్లు పడుతదో, ఏడాది పడుతదో. మా అమ్మకు రెండేండ్లు పట్టింది, ఇప్పుడు జర మంచిగున్నది. నీది మంచిగైనంక రా. నీ చెవి ఎనక రంగుకు సరిపోయేది నేనే ఏరి పెడుత. ఏ షాపుల ఉంటె గా షాపుల.”

కృష్ణప్రియ మేడం లేచింది. నా చేతుల్లోంచి ఏప్రాన్ తీసుకుంది. మడతలు విప్పి, స్రవంతిని వెనక్కి తిప్పి, నడుము దగ్గర తనే ముడి వేసింది. రెండుసార్లు వేసింది, ఊడకుండా. నలభై షాపుల అధికారి నడిరోడ్డు మీద, మేకప్ లేని మొహంతో, ఒక కౌంటర్ పిల్లకు ఏప్రాన్ కడుతుంటే వీరేశం సెల్యూట్ కొట్టాలో వద్దో తెలియక అటు తిరిగి నిలబడ్డాడు. నాకైతే కేక వేయాలనిపించింది.

“ఏ షాపుల గాదు, గీ షాపులనే” అంది ఆవిడ. తరువాత మళ్ళీ స్టూలు మీద కూలబడింది, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు. “ఫ్రైడే లాంచ్. నలభై షాపులు. నా సంతకంతోని పోతున్నది. ఇయ్యాలనే ఆపాలె. నా మొఖం వాళ్ళకు గిట్లనే చూపిస్త, తుడుసుకున్న మొఖమే.” ఫోను తీసి నంబరు వెతుకుతూ నా వైపు తిరిగింది. “పుణ్యవతి గారూ, మన షాపుకు శాంపిల్ డబ్బాలు ఎన్నొచ్చినయ్?”

“ఆరండి” అన్నాను.

“ఎవరికీ ఇయ్యలే గద? స్రవంతి నీహారికకు ఇయ్యనన్నది, మెయిల్‌ల ఉన్నది. మిగతావి?”

“బీరువాలో ఐదున్నాయండి. తాళం నా దగ్గరే ఉంది.”

“మంచిదైంది. ఐదు ఉన్నయంటె...” ఆవిడ ఫోను మీది వేలు ఆగిపోయింది.

ఆరోది ఏమైందని ఎవరూ అడగలేదు. అంతవరకు స్రవంతీ నేనూ అటొకరం ఇటొకరం ఆవిడకు పరదాలుగా ఉన్నాం. ఇప్పుడు స్రవంతి నా వైపు తిరిగింది. ఏడాదిన్నరగా ఒకే కప్పు కింద పనిచేస్తున్నాం. ఈ వెలుతురులో ఆ పిల్ల నా మొహం చూడటం ఇదే మొదలు. నా చెయ్యి నాకు తెలియకుండానే చెంప మీదికి పోయింది. భయానికి చేతులు చల్లబడిపోయి ఉన్నాయి, ఆ చల్లదనం చెంపకు ఎంత హాయిగా తగిలిందో చెప్పలేను.

“పుణ్యక్కా” అంది స్రవంతి, చాలా మెల్లగా. “చెవి ఎనక చుక్క పెట్టి చూసినవా నువ్వు?”

నేను లేదన్నట్టు తల ఊపాను.

కృష్ణప్రియ మేడం స్టూలు మీద నుంచి లేచి, నాకు చోటిచ్చింది.